రాజీ బయట చేసుకోండి... విడాకులు మాత్రం కోర్టులోనే

గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ల కాపురాల్లో గొడవ ముదిరితే అది ఎక్కువగా రెండు రకాలుగా తేలుతోంది. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని స్టాంపు కాగితం మీద ‘ఇక నీకూ నాకూ సంబంధం లేదు’ అని రాయించడం ఒకటి. పోలీస్ స్టేషన్‌తో మొదలై కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగడం రెండోది. మొదటిది చట్టం ముందు నిలవదు. రెండోది రెండేళ్లకోసారి సెలవు దొరికే మనిషి వల్ల అయ్యే పని కాదు.

ఈ రెండింటికీ నడుమ మూడో దారి ఒకటుంది. మధ్యవర్తి దగ్గర కూర్చుని షరతులన్నీ మాట్లాడుకోవడం, ఒప్పందం రాసుకోవడం, దాన్ని ఫ్యామిలీ కోర్టు ముందు పెట్టి పరస్పర అంగీకారంతో విడాకుల డిక్రీ తీసుకోవడం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయ్, సౌదీ వెళ్లినవారికైనా, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్లకైనా ఇది పనికొచ్చే దారి. కానీ ఇందులో ఏది బయట చేసుకోవచ్చు, ఏది కోర్టులోనే జరగాలి అన్న తేడా తెలియకే చాలామంది నష్టపోతున్నారు.

స్టాంపు కాగితం ఎందుకు చెల్లదు?

హిందూ వివాహ చట్టం 1955 ప్రకారం పెళ్లి రద్దు కావాలంటే కోర్టు డిక్రీ ఉండాల్సిందే. కొన్ని కులాల్లో తరతరాలుగా వస్తున్న విడాకుల ఆచారాన్ని ఆ చట్టంలోని 29వ సెక్షన్ గుర్తించిన మాట నిజమే. అయితే తమ కులంలో అలాంటి ఆచారం ఉందని సాక్ష్యాలతో కోర్టులో రుజువు చేయాల్సిన భారం దాన్ని చెప్పుకునేవారి మీదే ఉంటుంది. పెద్దమనుషులు సంతకాలు చేశారు, నోటరీ ముద్ర పడింది అన్నంత మాత్రాన పెళ్లి రద్దయిపోదు.

దీని దెబ్బ వెంటనే తెలియదు. కాగితం రాసుకున్న అబ్బాయి తర్వాతి సెలవులో వచ్చి మరో పెళ్లి చేసుకుంటాడు. మొదటి భార్య కోర్టుకెక్కిందంటే ఆ రెండో పెళ్లి చెల్లదు. పైగా మొదటి పెళ్లి ఉండగా మరో పెళ్లి చేసుకోవడం నేరం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. రెండో భార్య గతేంటి, ఆమెకు పుట్టిన బిడ్డల గతేంటి అన్న చిక్కులు వేరే. అమ్మాయి పరిస్థితీ అంతే. కాగితాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె కూడా అదే సెక్షన్ కిందికి వస్తుంది.

పంచాయితీ వేరు, మధ్యవర్తిత్వం వేరు

మధ్యవర్తి అనగానే మనకు గుర్తొచ్చేది ఊరి పెద్దమనిషి. ఇరువైపులా డిపాజిట్ కట్టించుకుంటాడు, ఇద్దరి మాటా వింటాడు, చివరికి తీర్పు చెబుతాడు. వినకపోతే డిపాజిట్ పోతుంది. కోర్టు వాడుకలో మధ్యవర్తిత్వం, అంటే మీడియేషన్, దీనికి పూర్తిగా వేరు. మీడియేటర్ తీర్పు చెప్పడు. తప్పెవరిదో తేల్చడు. ఇద్దరినీ కలిపీ, విడివిడిగానూ కూర్చోబెట్టి ఎవరికేం కావాలో బయటికి తెప్పిస్తాడు. కుదిరితే ఒప్పందం రాస్తాడు. కుదరకపోతే ‘రాజీ కుదరలేదు’ అని మాత్రమే కోర్టుకు చెబుతాడు. అక్కడ ఎవరేమన్నారన్నది రహస్యం. ‘నువ్వు ఆ రోజు ఐదు లక్షలు ఇస్తానన్నావు కదా’ అని తర్వాత కోర్టులో వాడుకోవడానికి వీల్లేదు. అందుకే అక్కడ మనసు విప్పి మాట్లాడవచ్చు.

ఇంకో ముఖ్యమైన తేడా. పంచాయితీలో అబ్బాయి ఉండడు, అతని తండ్రో అన్నో కూర్చుంటారు. అమ్మాయి పక్కన ఉన్నా మాట్లాడేది మేనమామ. కాపురం చేసిన ఇద్దరి నోటా ఒక్క మాట రాకుండానే తీర్మానం అయిపోతుంది. మీడియేషన్‌లో అసలు మనుషులు మాట్లాడాలి. మనిషి దమ్మామ్‌లోనో దోహాలోనో ఉంటే వీడియో కాల్‌లోనైనా అతనే మాట్లాడాలి.

పద్నాలుగేళ్ల పాఠం

ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లోనే ముందు రాజీకి ప్రయత్నించాలని 9వ సెక్షన్ చెప్పింది. ఆ మాటకు గట్టి బలం వచ్చింది మాత్రం ఒక తెలుగు జంట కేసుతోనే. 1999లో పెళ్లి, రోజుల్లోనే గొడవ. ఆ తర్వాత కేసు మీద కేసు. ఫ్యామిలీ కోర్టు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాటి అది సుప్రీంకోర్టులో తేలేసరికి 2013 ఫిబ్రవరి వచ్చింది. దాదాపు పద్నాలుగేళ్లు! విడాకులిస్తూ, భార్యకు 15 లక్షల రూపాయల శాశ్వత భరణం ఇమ్మని కోర్టు ఆదేశించింది. కలిసి కాపురం చేసిన రోజుల కన్నా కోర్టు వాయిదాల రోజులే ఎక్కువ.

ఆ తీర్పులోనే సుప్రీంకోర్టు మూడు మాటలు చెప్పింది. దంపతుల తగాదాలను ఇద్దరి ఇష్టంతో ఫ్యామిలీ కోర్టులు మీడియేషన్‌కు పంపాలి. 498-ఎ కేసుల్లోనూ రాజీకి అవకాశం కనిపిస్తే, చట్టం పదును తగ్గకుండా క్రిమినల్ కోర్టులు ఆ దారి చూపాలి. కేసు వేయకముందే వచ్చినవారి కోసం మీడియేషన్ సెంటర్లలో ప్రత్యేక ఏర్పాటు ఉండాలి. 2023లో పార్లమెంటు మధ్యవర్తిత్వ చట్టాన్నే చేసింది. అదే ఏడాది అక్టోబరులో అందులోని కొన్ని సెక్షన్లు అమల్లోకి వచ్చాయి. అంటే రాజీ అన్నది ఇప్పుడు చట్టమే గుర్తించిన పద్ధతి.

క్యాంపులో ఉండి ఎలా?

పరస్పర అంగీకారపు విడాకులకు హిందూ వివాహ చట్టంలో 13-బి సెక్షన్ ఉంది. కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి, కలిసి బతకలేమని ఇద్దరూ ఒప్పుకోవాలి. మొదట ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి. ఆరు నెలల తర్వాత మళ్లీ కోర్టు ముందుకు వచ్చి అదే మాట చెప్పాలి.

ఇక్కడ మనవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. ‘నేను నాలుగేళ్లుగా గల్ఫ్‌లో ఉన్నా, విడిగా ఉన్నట్టేగా’ అంటారు. కాదు. బతుకుదెరువు కోసం దూరంగా ఉండటం విడిపోవడం కాదు. డబ్బులు పంపుతూ, ఫోన్లు చేస్తూ, సెలవుకు వస్తే ఒకే ఇంట్లో ఉంటూ ఉన్న కాలం లెక్కలోకి రాదు. భార్యాభర్తలుగా బతకడం ఎప్పుడు మానేశారో ఆ రోజు నుంచే ఏడాది లెక్క.

ఆరు నెలల గడువు విషయంలో 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు పెద్ద ఊరటే ఇచ్చింది. ఆ గడువు తప్పనిసరి కాదని, తగిన కేసుల్లో కోర్టు దాన్ని మాఫీ చేయవచ్చని చెప్పింది. అయితే షరతులున్నాయి. మొదటి పిటిషన్ నాటికే ఏడాదిన్నర విడిగా ఉండి ఉండాలి. కలపడానికి చేసిన మీడియేషన్ ప్రయత్నాలు విఫలమై ఉండాలి. భరణం, పిల్లల సంగతి, ఇతర లావాదేవీలు నిజంగా తేలిపోయి ఉండాలి. ఇంకా ఆగమనడం ఇద్దరి బాధనూ పొడిగించడమే అని కోర్టుకు అనిపించాలి. చూశారుగా, మీడియేషన్‌లో లెక్కలన్నీ తేల్చుకుని వెళ్లినవారికే ఈ వెసులుబాటు.

గల్ఫ్ కార్మికులకు మరింత ముఖ్యమైన మాట కూడా ఆ తీర్పులోనే ఉంది. సరైన కారణం వల్ల స్వయంగా రాలేనివారి విషయంలో కోర్టు వీడియో కాన్ఫరెన్స్ వాడుకోవచ్చు. తల్లిదండ్రులు, తోబుట్టువుల వంటి దగ్గరివారి ద్వారా హాజరు కావడానికీ అనుమతించవచ్చు. ఇది హక్కుగా దొరికేది కాదు, కోర్టు ఒప్పుకోవాలి. అందుకే కఫీల్ సెలవు ఇవ్వడం లేదనో, టికెట్ ఖర్చు భరించలేమనో ఆధారాలతో ముందే దరఖాస్తు పెట్టాలి. ఇంటివాళ్లకు పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే దాన్ని అక్కడి భారత రాయబార కార్యాలయంలోనో కాన్సులేట్‌లోనో ధ్రువీకరించాలి. అది మన దేశం చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. లేకపోతే కాగితం చేతిలో ఉన్నా పని జరగదు.

అసలు లెక్క ఎక్కడ తేలాలి?

గల్ఫ్ కాపురాల్లో డబ్బు లెక్క మిగతా కాపురాల్లాంటిది కాదు. పట్నంలో ఉద్యోగం చేసే జంటకు జీతం, ఇల్లు, బంగారం అన్నీ కళ్లెదుటే ఉంటాయి. ఇక్కడ ఏజెంటుకు కట్టిన డబ్బు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఒక ఉదాహరణ అనుకుందాం. పెళ్లప్పుడు అత్తింటివారు పెట్టిన ఎనిమిది తులాల బంగారాన్ని కుదువబెట్టి వీసాకు డబ్బు కట్టాడు. మొదటి రెండేళ్ల జీతం మిత్తీలకే పోయింది. మూడో ఏడు నుంచి పంపిన డబ్బుతో ఊళ్లో ఇల్లు లేచింది. స్థలం తండ్రి పేరు మీద ఉంది కాబట్టి ఇల్లూ తండ్రిదే అయింది. బంగారం విడిపించలేదు. ఇప్పుడు కాపురం చెడింది. ‘నా పేరు మీద ఏమీ లేదు’ అంటాడు అబ్బాయి. కాగితాల ప్రకారం అది నిజమే. ‘నా బంగారంతో దుబాయ్ పోయాడు, ఆ సంపాదనతోనే ఇల్లు కట్టారు’ అంటుంది అమ్మాయి. అదీ నిజమే. ఈ రెండు నిజాలనూ ఒకచోట పెట్టి మాట్లాడటానికి కోర్టు వాదనల కన్నా మీడియేషన్ బల్లే అనువైనది. బంగారం ఆమె స్త్రీధనం కనుక అది ముందు పక్కకు తీయాలి. ఆ తర్వాతే భరణం మాట.

జీతం విషయంలోనూ రెండు వైపులా అబద్ధాలే నడుస్తాయి. రియాళ్లను రూపాయల్లోకి మార్చి ‘నెలకింత సంపాదిస్తున్నాడు’ అని అమ్మాయి తరఫువారు లెక్కవేస్తారు. రూము, తిండి, అకామా ఖర్చు, అప్పు తీసేస్తే మిగిలేదెంతో వారికి తెలియదు. అబ్బాయి తరఫువారు ఓవర్‌టైమ్ మాటే ఎత్తరు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు దీనికో పద్ధతి పెట్టింది. భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తి, అప్పుల వివరాలను అఫిడవిట్‌గా ఇవ్వాలి. మీడియేషన్‌కు వెళ్లేవారు కూడా అదే నమూనాలో వివరాలు రాసి, కాంట్రాక్టు కాగితం, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసుకుంటే సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

కువైట్‌లో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల లెక్క తిరగబడి ఉంటుంది. సంపాదించేది ఆమె, ఖర్చు పెట్టేది భర్త. స్థలం, ఇల్లు అతని పేరు మీద. విడిపోయే రోజున ఆమెకు మిగిలేది మనీ ఎక్స్చేంజ్ రసీదులే. అవే ఆమె సాక్ష్యం. రసీదులు పారేయొద్దు. వీలైతే సొంత బ్యాంకు ఖాతాకే పంపుకోవాలి.

ఇక పిల్లలు. ఎవరి దగ్గర ఉంటారు, రెండోవారు సెలవుకు వచ్చినప్పుడు ఎన్నాళ్లు చూడొచ్చు, వారానికి ఎన్నిసార్లు వీడియో కాల్, స్కూలు ఫీజు ఎవరిది, పాస్‌పోర్టుకు సంతకం ఎవరు పెట్టాలి... ఇవన్నీ ఒప్పందంలో రాసుకోవాలి. ‘ఇంత మొత్తం ఇచ్చేస్తున్నాం, ఇక పిల్లలకూ ఏ హక్కూ లేదు’ అని రాస్తే అది పిల్లలను కట్టిపడేయదు. తల్లి తన హక్కు వదులుకోవచ్చు గానీ పిల్లల హక్కును వదిలేయలేదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

డబ్బు ఒకేసారి చేతులు మారడం మంచిది కాదు. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా మనసు మార్చుకుని అంగీకారం వెనక్కి తీసుకోవచ్చని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే కొంత మొదటి పిటిషన్ రోజున, మిగతాది డిక్రీ రోజున కోర్టు ముందు డీడీ రూపంలో ఇచ్చేలా రాసుకోవడం ఇద్దరికీ క్షేమం.

కేసులు ఉంటే?

రాజీ కుదిరిందనుకుని ధీమాగా విమానం ఎక్కిన మనిషిని శంషాబాద్‌లో దిగగానే అదుపులోకి తీసుకోవచ్చు. రాజీ ఒప్పందంలో కేసుల సంగతి రాయకపోవడం వల్ల వచ్చే ముప్పు ఇది. 498-ఎ కేసు (ఇప్పుడు న్యాయ సంహితలో 85వ సెక్షన్), గృహహింస చట్టం 2005 కింద వేసిన పిటిషన్, భరణం కేసు... ఏ కోర్టులో, ఏ నంబరుతో ఉన్నాయో ఒక్కొక్కటీ రాయాలి. ఏది ఎవరు ఎప్పుడు ఉపసంహరించుకుంటారో రాయాలి.

క్రిమినల్ కేసు ఫిర్యాదు చేసినవారు ‘వద్దు’ అన్నంత మాత్రాన పోదు. ఒప్పందం పట్టుకుని కోర్టుకు వెళ్లి కొట్టేయించుకోవాలి. వారెంటు ఉంటే దాన్ని రద్దు చేయించుకోవాలి. లుకౌట్ సర్క్యులర్ ఉంటే ఆ ఉత్తర్వు పోలీసులకు అంది, ఇమిగ్రేషన్ జాబితాలోంచి పేరు తీసేశాకే టికెట్ తీసుకోవాలి. పాస్‌పోర్టు రెన్యువల్‌కూ ఇదే చిక్కు. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే ఆ కోర్టు అనుమతి అడుగుతారు. అకామా పాస్‌పోర్టుతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఇది ఉద్యోగానికే ఎసరు. తన కేసు ఎక్కడిదాకా వచ్చిందో ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు కొట్టి క్యాంపులోనే చూసుకోవచ్చు. ఊళ్లోవాళ్ల మాట మీద ఆధారపడక్కర్లేదు.

సమన్లు వచ్చినా ‘నేను ఇక్కడ లేనుగా’ అని ఊరుకోవడం అన్నిటికన్నా చేటు. అవతలివారి మాట ఒక్కటే విని కోర్టు ఎక్స్‌పార్టీ తీర్పు ఇచ్చేస్తుంది. రాజీకి కూర్చునే అవకాశమూ పోతుంది.

ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో...

ఫోన్‌లో, వాట్సాప్‌లో మూడుసార్లు తలాక్ చెప్పే పద్ధతి చెల్లదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2019 చట్టంతో అది మూడేళ్ల దాకా జైలు పడే నేరమైంది. ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే ముబారాత్, భార్య కోరుకునే ఖులా పద్ధతులు ఉన్నాయి. ఖులాకు భర్త ఒప్పుకోవాల్సిన పని లేదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఎలా విడిపోయినా ఫ్యామిలీ కోర్టు నుంచి ప్రకటన తెచ్చుకుంటే తర్వాత పాస్‌పోర్టు, వీసా కాగితాల దగ్గర అడ్డు రాదు. క్రైస్తవులకు విడాకుల చట్టంలో 2001లో చేర్చిన 10-ఎ సెక్షన్ పరస్పర అంగీకారానికి దారి ఇచ్చింది.

అక్కడి కోర్టులో తీసుకుంటే?

యూఏఈలో ముస్లిమేతరులకు వేరే పౌర చట్టం వచ్చింది. అబుదాబిలో 2021లో, దేశమంతటా 2023 ఫిబ్రవరి నుంచి అమలు. తప్పెవరిదో చూపకుండానే, ఒక్కరు అడిగినా విడాకులిస్తారు. పని త్వరగా అవుతుంది కదా అని కొందరు అటు చూస్తున్నారు. జాగ్రత్త! తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంట కేసులో 1991లో సుప్రీంకోర్టు పెట్టిన నియమం నేటికీ నిలిచి ఉంది. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టంలోని కారణాల మీద ఇస్తేనే విదేశీ విడాకులు ఇక్కడ చెల్లుతాయి. లేదా ఇద్దరూ మనస్ఫూర్తిగా ఆ కోర్టుకు ఒప్పుకుని ఉండాలి. భార్య ఊళ్లో ఉండగా అక్కడ ఒంటరిగా తెచ్చుకున్న కాగితం ఇక్కడికి వచ్చాక కొత్త కేసుకు మొదలవుతుంది తప్ప పాత గొడవకు ముగింపు కాదు.

రాజీ తగని చోటు

అన్ని కాపురాలకూ మీడియేషన్ మందు కాదు. కొట్టి, బెదిరించి సంతకం పెట్టించుకున్నది రాజీ కాదు. ప్రాణభయం ఉన్న ఆడపిల్లను ‘సర్దుకుపో’ అని కూర్చోబెట్టడం మధ్యవర్తిత్వం కాదు. స్టేషన్‌లోనో, నాయకుడి ఇంట్లోనో జరిగే సెటిల్‌మెంట్లకు ఆ పేరు పెట్టుకుంటున్నారు, నమ్మొద్దు. హింస ఉన్నచోట ముందు రక్షణ, 181 హెల్ప్‌లైన్, గృహహింస చట్టం కింద ఉత్తర్వులు. మాటలు ఆ తర్వాత, అదీ ఆమె కోరుకుంటేనే. మీడియేషన్ మధ్యలో ఎప్పుడైనా లేచి వెళ్లిపోయే హక్కు ఇద్దరికీ ఉంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. కేసు వేయకముందే అక్కడ రాజీ కోసం దరఖాస్తు పెట్టవచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. ఊళ్లో ఉన్న కుటుంబసభ్యులు 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. కోర్టులో ఉన్న కేసు లోక్ అదాలత్‌లో తేలితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, దాని మీద అప్పీలు ఉండదు.

సెలవు ముప్పై, నలభై రోజులే అయినప్పుడు వరస తప్పకూడదు. సెలవుకు కనీసం మూడు నాలుగు నెలల ముందే దరఖాస్తు పెట్టించి, వీడియో కాల్‌లో మాటలు మొదలుపెట్టాలి. లెక్కలన్నీ క్యాంపులో ఉండగానే తేలాలి. సెలవు రోజులను సంతకాలకు, కోర్టు హాజరుకు ఉంచుకోవాలి. ఊరికొచ్చాక మాటలు మొదలుపెడితే తిరుగు టికెట్ తేదీ వచ్చేస్తుంది. ఆ తొందరలోనే మళ్లీ స్టాంపు కాగితం బయటికి వస్తుంది.

పెద్దమనుషుల మాట మీద మనకు గౌరవం ఉంది, ఉండాలి కూడా. వాళ్లు ఇద్దరినీ మాటల దాకా తీసుకురాగలరు. పెళ్లిని రద్దు చేసే అధికారం మాత్రం వాళ్లకు లేదు. షరతులు ఎక్కడ కూర్చుని తేల్చుకున్నా చివరి ముద్ర కోర్టుదే. డిక్రీ సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చేదాకా మరో పెళ్లి మాట ఎత్తకండి, ఇవ్వాల్సిన చివరి విడత డబ్బు కోర్టు బయట ఇవ్వకండి.